సీసా మీద రాత మీ అమ్మగారిదే కదా!

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి. పెళ్లయినప్పటి నుంచి డాలస్‌లో ఉంటున్నాను. నాకు నలభై దాటాయి. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఇద్దరు పిల్లలు. ఇక్కడ ఏ లోటూ లేదు గానీ తిండి దగ్గరికొచ్చేసరికి ప్రాణం ఊరి మీదకు పోతుంది. అమ్మ ఏటా ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి పంపుతుంది. ఆ పార్సిల్ వచ్చిన రోజు నాకు పండగే. నాన్నగారు పోయాక అమ్మ గుంటూరులో తమ్ముడి ఫ్లాట్‌కు మారింది. ఈ ఏడాది వచ్చిన ఆవకాయ నోట్లో పెట్టుకోగానే అనుమానం వచ్చింది. మా ఇంట్లో ఆవకాయకు వెల్లుల్లి వెయ్యరు, ఇందులో ఉంది. ముక్కల్లో టెంకను అంటుకుని పల్చటి పొర అలాగే ఉంది. అమ్మ అయితే ఆ పొర తీసి ఒక్కో ముక్కా గుడ్డతో తుడుస్తుంది. పోయినేడాది సీసాలో ఇంకా సగం ఉంటే పక్కన పెట్టి చూశాను. ఇది ఖాయంగా కొట్లో కొన్నదే. సీసా మీద మాత్రం ఎప్పటిలాగే అమ్మ చేత 'ఆవకాయ' అని చీటీ రాయించి అతికించింది మా మరదలు. మావారేమో 'బాగానే ఉందిగా' అంటారు. అమ్మనడిగితే 'ఈసారి కాయ అలా వచ్చిందే' అని మాట మార్చింది. మరదలు స్కూల్లో టీచరు. మొదటి నుంచీ మా మీద ఆపేక్ష లేదు. ఫిబ్రవరిలో నా స్నేహితురాలు ఇటు వస్తుంటే నాటుకోడి పచ్చడి, కాస్త పచ్చి కరివేపాకు పంపమన్నాను. 'అవి రానివ్వరట వదినా' అని తప్పించుకుంది. అమ్మ ఆవిణ్ణి ఏమీ అనలేదు పాపం, భుజం పట్టేసి ఫోన్ కూడా ఎడం చేత్తో పట్టుకుంటోంది. ఇంత మోసం చేసిన మనిషిని ఎలా నిలదీయాలి? తమ్ముడికి చెప్పమంటారా?

- ఒక సోదరి

జవాబు: నిలదీయొద్దు. తమ్ముడికి చెప్పొద్దు. మీరడిగినదానికి నా జవాబు అంతే. ఇక మీరు అడగని దాని గురించి మాట్లాడతాను.

మీ ఉత్తరం మీరే ఇంకోసారి చదువుకోండి. వెల్లుల్లి పట్టుకున్నారు, టెంక మీద పొర పట్టుకున్నారు, పాత సీసా తెచ్చి పక్కన పెట్టి పోల్చారు. పోలీసులు కూడా ఇంత శ్రద్ధగా చూడరు. ఫోన్ కుడిచేతి నుంచి ఎడంచేతికి ఎందుకు మారిందన్న దాని మీద ఇందులో పదోవంతు శ్రద్ధ పెట్టి ఉంటే నాకు ఈ ఉత్తరం రాసేవారే కాదు. ఆ మాటను చిట్టచివర్న, అదీ మరదలి మీద మోపిన నేరానికి తోడుగా రాశారు.

ఆవకాయ పెట్టడమంటే ఏమిటో తెనాలి ఆడపిల్లకు నేను చెప్పాలా? చెప్పాలనే అనిపిస్తోంది. మీరు తిన్నట్టు ఉంది గానీ పెట్టినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. టెంక ముదిరిన పుల్లటి కాయ ఏరి తేవాలి. కడిగి, తడి లేకుండా తుడిచి, ముక్క కొట్టించాలి. జీడి తీసి, మీరన్న ఆ పొర గీకి, ఒక్కొక్క ముక్కా పొడిగుడ్డతో తుడవాలి. పాతిక కాయలకు ఎన్ని ముక్కలవుతాయో లెక్కేసుకోండి. ఆవపిండి, కారం, ఉప్పు కలుపుకుని, ముక్కల్ని పప్పునూనెలో ముంచి, పిండిలో దొర్లించి జాడీకెత్తాలి. అక్కడితో అయిపోదు. మూడో రోజు జాడీ మొత్తం బేసిన్‌లోకి దించి, అడుగున చేరిన ఊట పైకొచ్చేలా తిరగగలిపి, ఉప్పు చూసి, మళ్లీ జాడీకెత్తి వాసెన కట్టాలి. ఇందులో భుజంతో పని లేనిది ఏదో చెప్పండి. భుజం పట్టేసిన మనిషికి జడ వేసుకోవడమే కష్టం. పై అరలో డబ్బా అందదు. ఆ పక్కకు ఒత్తిగిల్లితే రాత్రి నిద్ర ఉండదు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా వస్తుంది. పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టొచ్చు, ఒక్కోసారి రెండు మూడేళ్లు కూడా. మీ అమ్మగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. మీకు తెలుసా?

ఇక ఆ చీటీ సంగతి. 'అమ్మ చేత రాయించి అతికించింది' అని మరదలి మీదకు నెట్టేశారు. మీ అమ్మగారు అక్షరాలు వచ్చిన మనిషి. ఎదురుగా కొట్లో కొన్న ఆవకాయ ఉంది, కుడి చెయ్యి సరిగ్గా లేవడం లేదు, అయినా 'ఆవకాయ' అని తన చేత్తో రాసి ఇచ్చింది. ఆవిడకు తెలియకుండా అక్కడేమీ జరగలేదమ్మా. నన్నడిగితే అసలు ఆ ఆలోచనే ఆవిడది. 'దానికి చెప్పకు, బెంగపడుతుంది' అని కోడల్ని బతిమాలి ఉంటుంది. ఆ కోడలు బడి నుంచి వచ్చి, బజారుకు పోయి కొని, సీసాల్లోకి మార్చి, కారకుండా కవర్ మీద కవర్ చుట్టి, టేపులు వేసి కొరియర్‌కు అప్పజెప్పింది. అత్తగారి మాట పోకుండా కాచుకుంది. మీరు దాన్ని మోసం అంటున్నారు. పైగా మీ నోటితో మీరే ఆవకాయ గురించి అడిగితే 'కాయ అలా వచ్చిందే' అన్నది అమ్మే గానీ మరదలు కాదు. అబద్ధం ఆడిన మనిషిని వదిలేసి, పక్కనున్న మనిషి మీద కేసు పెట్టారు.

కాబట్టి గొడవ మీకూ మరదలికీ మధ్య లేదు, మీకూ అమ్మకూ మధ్య ఉంది. కన్నతల్లి, కడుపున పుట్టిన కూతురితో 'నావల్ల కావట్లేదే' అనలేకపోయింది. ఆవిడ మీకు భయపడుతోంది. మీరు కోప్పడతారని కాదు. పంపడం ఆగిపోతే ఫోన్లో మాట్లాడుకోవడానికి ఇంకేం మిగులుతుందా అని. ఇన్నేళ్లుగా మీ ఇద్దరి మాటలూ ఎలా సాగుతున్నాయో గుర్తు తెచ్చుకోండి. 'ఏం పంపమంటావే?' 'కందిపొడి అయిపోయిందమ్మా.' 'పోయినసారి గోంగూరలో ఉప్పెక్కువైందా?' తెనాలిలో సొంత వంటిల్లు వదిలి కొడుకు ఫ్లాట్‌లో ఒక గదిలోకి వచ్చిన మనిషి ఆవిడ. ఆ ఇంట్లో ఏ రోజు ఏ కూర అన్నది ఇప్పుడు కోడలి ఇష్టం, అది న్యాయమే. 'మా అమ్మాయికి పంపాలి' అన్న ఒక్క పనిలోనే ఇంకా ఆవిడ పెత్తనం చెల్లుతోంది. అదీ చేతకావట్లేదని ఒప్పుకోవడం ఎంత కష్టమో మీకూ ఒక వయసు వచ్చాక తెలుస్తుంది.

తిండి మీద బెంగను నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. పరాయి దేశాల నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కడో ఒక చోట ఒక కూరో పచ్చడో ఉండనే ఉంటుంది. జ్వరమొచ్చి పడుకుంటే చారన్నంలోకి కాస్త కారప్పొడి వేసిచ్చే దిక్కులేదని ఏడ్చేవాళ్లున్నారు. ఇక్కడున్నప్పుడు కంచం అవతలికి తోసేసిన కాకరకాయ వేపుడు అక్కడికెళ్లాక కలలోకి వస్తుందట. కానీ మీరున్న డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు తక్కువా, ఇండియన్ స్టోర్లు తక్కువా? గోంగూర కట్టలు దొరుకుతాయి, కరివేపాకూ దొరుకుతుంది. పచ్చి మామిడికాయలు కూడా వస్తాయి. టెంక పురుగు, పండు ఈగ వస్తాయన్న భయంతో ఒకప్పుడు మన మామిడిపండును అమెరికాలో అడుగు పెట్టనిచ్చేవాళ్లు కాదు. 2007 నుంచి రేడియేషన్ పెట్టి అదీ రానిస్తున్నారు. మీ ఫ్రిజ్‌లోనేమో పోయినేడాది ఆవకాయ సగం సీసా అలాగే ఉంది. తినేవాళ్లయితే అది ఎప్పుడో ఖాళీ కావాలి. మీరు దాన్ని దాచుకుంటున్నారు. ఎందుకు దాచుకుంటున్నారో మీకూ లోపల తెలుసనే నా అనుమానం. ఆవిడ చేత్తో పెట్టిన ఆఖరి ఆవకాయ అదే కావచ్చు.

మరదలి గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను, ఆ అమ్మాయికి అన్యాయం జరిగింది గనుక. కోడి పచ్చడి, పచ్చి కరివేపాకు పంపలేదని ఆపేక్ష లేదనేశారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మన దేశం నుంచి మాంసం ఉన్న పచ్చళ్లు అమెరికాలోకి తీసుకుపోనివ్వరు. పచ్చి కరివేపాకూ అంతే. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులును మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుందని వాళ్ల భయం. తెచ్చిన తినుబండారాలన్నీ కస్టమ్స్ వాళ్లకు చెప్పి తీరాలి. దాస్తే జరిమానా పడుతుంది. మీ స్నేహితురాలు అంత దూరం ప్రయాణం చేసి, ఎయిర్‌పోర్టులో పెట్టె విప్పించుకుని తలొంచుకుని నిలబడకుండా కాపాడింది మీ మరదలు. ఇన్నేళ్లుగా అక్కడ ఉన్నవారు, ఈ సంగతి ఆవిడకు మీరు చెప్పాల్సింది పోయి ఆవిడే మీకు చెప్పాల్సి వచ్చింది.

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. అమెరికాలో కూర్చుని కూడా ఆ పదవి మాత్రం వదలం! మీ అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లేది, నొప్పికి కాపడం పెట్టేది, వేళకు మందులు ఇచ్చేది అక్కడున్న ఆ పిల్లే. తల్లిని చూసుకోవడం కొడుకు ధర్మమని మనం గొప్పగా అనుకుంటాం, చేసేది మాత్రం కోడలు. దగ్గరుండి చేసే మనిషిని దూరం నుంచి తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదన్నది నా మాట. కూతురైనా సరే. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు, ఉత్తరం రాశారు గనుక చెప్పక తప్పదు.

ఇప్పుడేం చెయ్యాలో చెబుతాను. ఈ వారం అమ్మకు ఫోన్ చేసి ఆవకాయ ఊసెత్తకండి. బాగుందని అబద్ధం చెప్పక్కర్లేదు, తేడా తెలిసిందనీ చెప్పక్కర్లేదు. భుజం గురించి అడగండి. ఎప్పటి నుంచి, ఏ డాక్టరు చూశాడు, షుగర్ పరీక్ష చేశారా, చెయ్యి ఎంతవరకు లేస్తోంది. 'ఏం లేదులే, తగ్గిపోతుంది' అంటుంది. ఆ మాట నమ్మి ఫోన్ పెట్టేయకండి. ఫిజియోథెరపీ నెలల తరబడి చేయించుకోవాల్సి వస్తే, ఇంటికొచ్చి చేయించే మనిషిని మాట్లాడి ఆ ఖర్చు మీరు పెట్టుకోండి. డబ్బు తమ్ముడికి పంపేటప్పుడు లెక్కలు అడగొద్దు.

ఈ ఏడాదికి పచ్చళ్లు చాలని అమ్మకు మీ అంతట మీరే చెప్పండి. చెప్పే తీరు ముఖ్యం. 'నువ్వు చెయ్యలేవుగా, వద్దులే' అంటే ఆవిడ గుండె జారిపోతుంది. 'నాకు నేర్చుకోవాలనుంది, నువ్వు చెప్పు, నేను ఇక్కడ పెడతాను' అనండి. అక్కడ ముక్క కొట్టే కత్తి లేకపోతే మాగాయతో మొదలుపెట్టండి, దానికి టెంకతో పని లేదు. తొక్క తీసి తరగడం, ఉప్పులో ఊరేయడం, ఎండబెట్టడం. టెక్సాస్‌లో ఎండకేం కొదవ? వీడియోలో ఆవిడ ఎదురుగా చెయ్యండి. 'అంత ఉప్పేమిటే' అని తిట్టనివ్వండి. మొదటిసారి పాడవుతుంది, పర్లేదు, మళ్లీ మాట్లాడుకోవడానికి ఒక పని దొరుకుతుంది. మీ ఆవకాయ ఆవిడ ఆవకాయలా ఎప్పటికీ రాదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే నిరాశ ఉండదు.

మరదలికి విడిగా ఫోన్ చెయ్యండి. ఆవిడతో మీరు చివరిసారి ఏమీ కావాలని అడక్కుండా మాట్లాడింది ఎప్పుడో గుర్తొస్తే నాకు సంతోషమే. క్షమాపణలు, వివరణలు పెట్టుకోవద్దు. మీరు అనుమానించిన సంగతి ఆవిడకు తెలియాల్సిన అవసరం లేదు. 'పార్సిల్ జాగ్రత్తగా కట్టి పంపావు, అమ్మను చూసుకుంటున్నావు, నాకు ధైర్యంగా ఉంది' అంటే చాలు. ఆవిడ కాస్త ముభావంగా మాట్లాడినా తప్పు పట్టకండి. ఇన్నేళ్లది ఒక్క ఫోన్‌తో పోదు.

వచ్చే ఏడు డిసెంబర్లో కాకుండా వేసవిలో రండి. పిల్లల బడి అయ్యేదాకా ఆగితే మే నెలాఖరు దాటిపోతుంది, ఆవకాయ కాయ అప్పటిదాకా ఆగదు. పిల్లల్ని పదిహేను రోజులు మీవారు చూసుకుంటారు, ఆవకాయలో తేడా కనిపెట్టలేని మనిషికి ఆ మాత్రం శిక్ష ఉండాలి. మీ మరదలికి అప్పుడు ఇక్కడ సెలవులు ఉంటాయి. తమ్ముణ్ణి, ఆవిణ్ణి మీ ఖర్చుతో ఒక వారం ఎక్కడికైనా పంపించి, ఆ వారం అమ్మ మందులు, భుజం వ్యాయామాలు, వంట, అన్నీ మీరు చూడండి. టికెట్లు ఇప్పుడే కొనుక్కుంటే కాస్త తక్కువకు వస్తాయి.