చర్మం కింద కొవ్వు పెంచి పెడతారా?

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోస్తారు. ప్రమాదంలో మోకాలి కింద చర్మం ఊడిపోతే తొడ చర్మం తీసి అతికించారు. అది ఎముకకు అంటుకుపోయింది. బస్తా అంచు తగిలినా చిట్లి పుండవుతోంది. మూలకణాలతో కొవ్వు తయారుచేసి చర్మం కింద పెడతామని విజయవాడలో ఒకచోట మూడు లక్షలు అడిగారు. ఇంటి స్థలం అమ్మమంటారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మవద్దమ్మా.

ఆ మచ్చను రెండు వేళ్లతో మెల్లగా పక్కకు జరిపి చూడండి, కదలదు. పక్కనున్న మంచి చర్మం జారుతుంది. తొడ నుంచి తీసే పలుచని పొరలో కొవ్వు రాదు. దెబ్బను ఓర్చేదీ, చర్మాన్ని ఎముక మీద జారనిచ్చేదీ ఆ కొవ్వే. నాన్నగారికి లోటు ఎక్కడుందో వాళ్లు సరిగానే చెప్పారు. ఇస్తామన్నదే ఇంకా చికిత్సగా రాలేదు.

పరిశోధన మాత్రం నిజమైనదే. లైపోసక్షన్‌లో గొట్టంతో పీల్చి పారేసే కొవ్వులో ఇతర రకాల కణాలుగా మారగల మూలకణాలున్నాయని 2001లో అమెరికాలో ప్యాట్రీషియా జుక్ బృందం వెల్లడించింది. ఇన్సులిన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వంటివి కలిపిన ద్రవంలో పెంచితే ఆ కణాల్లో నూనె బొట్లు నిండి అవి కొవ్వు కణాలవుతాయి. తీగకు పందిరిలా వాటికి కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో చేసిన స్పాంజి గానీ, కణాలన్నీ కడిగేసిన కొవ్వు చట్రం గానీ ఆధారమవుతుంది. చిక్కంతా రక్తం దగ్గరే. రక్తనాళం నుంచి ఆక్సిజన్ 0.2 మిల్లీమీటర్లకు మించి సరిగా అందదు. పలుచని పొర బతుకుతుంది. కాలికి చాలేంత మందం చేస్తే, కొత్త నాళాలు అల్లుకునేలోపే నడిమి కణాలు చచ్చిపోతాయి.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి రోగులపై పరీక్షగా జరిపే, నమోదైన క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి. అందులో చేరిన రోగి దగ్గర రుసుము తీసుకోకూడదు. పేదవాళ్ల ఆశను ఇలా అమ్ముకోవడం చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

ఇప్పుడు చేయగలిగింది వేరే ఉంది. పొట్ట కొవ్వును సన్నని గొట్టంతో తీసి మచ్చ కింద కొద్దికొద్దిగా నింపుతారు. కొంత కరిగిపోతుంది కాబట్టి మళ్లీ చేయాల్సి రావచ్చు. కొవ్వు నింపడానికి చోటే లేనంతగా అంటుకుపోతే, కొవ్వు, రక్తనాళాలతో సహా చర్మాన్ని మరోచోటి నుంచి తెచ్చి కప్పే ‘ఫ్లాప్’ శస్త్రచికిత్స మేలు. ఏది తగునో ప్లాస్టిక్ సర్జన్ కాలు చూసి చెప్పాలి. బీడీ అలవాటుంటే ముందే మానిపించండి. పొగ వల్ల సన్న నాళాలు ముడుచుకుని, పెట్టింది నిలవదు. శస్త్రచికిత్స అయ్యేవరకు పనిలో ఆ చోట మెత్తని స్పాంజి కట్టించండి. మచ్చలో పుండు నెలల తరబడి మానకపోయినా, అంచులు గట్టిపడినా ఆలస్యం చేయకుండా ముక్క తీయించి పరీక్ష చేయించండి. అరుదుగా అది క్యాన్సర్‌గా మారవచ్చు.