వేలిముద్ర పైన ఏమి రాసి ఉంది?

ప్రశ్న: మాది కందుకూరు. 1938లో మా తాతగారు, ఆయన తమ్ముడు కలిసి ‘బ్రదర్స్’ పేరుతో పుస్తకాల షాపు పెట్టారు. తమ్ముడు పట్టాళంలో చేరి బర్మా నుంచి తిరిగి రాలేదు. కాగితం దొరకని ఆ యుద్ధకాలంలో తాతగారు పాత వాచకాలకు అట్టలు కట్టి అమ్ముతూ షాపు నిలబెట్టారు. 1944లో స్థలం తన పేరున కొన్నారు. 1951లో చిన్న నాయనమ్మకు 600 రూపాయలిచ్చి చిట్టాలో వేలిముద్ర వేయించుకున్నారు. ఇప్పుడు ఆమె మనవలు సగం వాటా కోరుతూ లాయరు నోటీసు పంపారు. ఆ చిట్టా తప్ప మిగతా లెక్కలన్నీ తూకానికి అమ్మేశాం. ఆమె అప్పుడే వాటా వదులుకున్నట్టు పాత స్టాంపు కాగితం మీద హక్కు విడుదల పత్రం రాసుకోమంటున్నారు ఒక దస్తావేజు లేఖరి. తాతగారి కష్టానికి విలువ లేదా?

జవాబు: తాతగారి కష్టం రాశారు గానీ, ఆ వేలిముద్ర పైన ఏమి రాసి ఉందో రాయలేదు. కేసంతా అక్కడే ఉంది.

షాపు ఎనభై ఏళ్లుగా మీ చేతిలో ఉందన్నంత మాత్రాన చాలదు. ఉమ్మడి ఆస్తి ఒకరి స్వాధీనంలో ఉంటే అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. తమకు వాటా లేదని అవతలివారికి తెలిసిన రోజు నుంచే 12 ఏళ్ల గడువు నడుస్తుంది. 1908 నాటి లిమిటేషన్ చట్టంలోనూ, ఇప్పుడున్న 1963 చట్టంలోనూ అంతే. చిట్టాలో ‘తమ్ముడి వాటా కింద పూర్తిగా చెల్లు’ అని ఉంటే, రిజిస్టరు కాలేదు కనుక దానితో స్థలంపై హక్కు మారదు గానీ, 1951లోనే వేరుపడ్డారని చూపడానికి పనికొస్తుంది. అప్పుడు గడువు 1963తో తీరిందని వాదించవచ్చు. ‘ఖర్చులకు’ అని ఉంటే మాత్రం ఆమెను అప్పటికీ వాటాదారుగానే చూశారని అదే పేజీని మీ మీదికే తిప్పుతారు. షాపు పేరు ‘బ్రదర్స్’ కావడం కూడా వాళ్లకే కలిసొస్తుంది.

పుస్తకాల షాపువాళ్లై ఉండి లెక్కల పుస్తకాలు తూకానికి వేస్తారా! 1944లో స్థలం కొన్న డబ్బు తాతగారి సొంతమో, ఉమ్మడి షాపుదో చెప్పగలిగినవి అవే.

ఇక ఆ లేఖరి గుమ్మం మళ్లీ తొక్కకండి. స్టాంపు కాగితం వెనుక అమ్మిన తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి కనుక దొంగపత్రమని బయటపడుతుంది. 100 రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కాకపోతే ఎలాగూ చెల్లదు. దక్కేది భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద ఫోర్జరీ కేసు. శిక్ష యావజ్జీవం దాకా ఉంది.

చిట్టా బైండు విప్పకండి, పేజీకి లామినేషన్ చేయించకండి. 1944 దస్తావేజుకు సర్టిఫైడ్ నకలు తీయండి. 1970 దాకా కందుకూరు నెల్లూరు జిల్లాలోనిది. మీ ఊళ్లో దొరక్కపోతే నెల్లూరు జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగండి. ఈలోగా వాటా ఒప్పుకున్నట్టు ఒక్క మాట కూడా లేకుండా నోటీసుకు జవాబు ఇప్పించండి. పేజీలో ‘ఖర్చులకు’ అని తేలితే కోర్టుకెక్కక ముందే ఎంతో కొంతకు రాజీపడి, రిజిస్టర్డ్ విడుదల దస్తావేజు రాయించుకోండి.