పాత కామిక్స్‌కి వెల కట్టేదెలా?

ప్రశ్న: పిల్లల పాత హాస్య కామిక్స్ పెట్టెడు ఉన్నాయి. వెల కట్టే ముందు ఏం చూడాలి? చిరిగిన చోట టేపు వేయవచ్చా?

జవాబు: టేపు మాత్రం వద్దు. దాని జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై కాగితంలోకి ఇంకుతుంది. చిరుగుకన్నా అదే పెద్ద లోపం. ముందు పేజీలు లెక్కపెట్టండి. నడిమి పేజీలు పిన్నుల నుంచి ఊడిపోవడం, కూపన్ కత్తిరించి ఉండటం, పజిళ్లు పెన్సిల్‌తో నింపేయడం పిల్లల పుస్తకాల్లో మామూలే. శుభ్రమైన ప్రతి అరుదయ్యేది అందుకే. పిన్నులకు తుప్పుంటే విలువ ఇంకా తగ్గుతుంది.

పాతదైనంత మాత్రాన ధర రాదు. పాత్ర తొలిసారి కనిపించిన సంచికకే గిరాకీ ఎక్కువ. అమెరికన్ కామిక్స్‌లోని కోటీశ్వరుల పిల్లాడి పాత్ర రిచీ రిచ్ మొదట వచ్చింది 1953లో, అదీ తన పేరున్న పుస్తకంలో కాదు, ‘లిటిల్ డాట్’ మొదటి సంచికలో!

దాచడానికి పీవీసీ కవర్లు వద్దు. పాలిస్టర్ కవరు, వెనక ఆమ్లం లేని అట్ట వాడండి.