లాయర్‌కు చెప్పిన మాట కోర్టులో బయటపడుతుందా?

లాయర్ దగ్గర అన్నీ చెప్పేస్తే రేపు కోర్టు ఆయన్నే అడిగితే ఎలా, అసలు ఈ ప్రివిలేజ్ అంటే ఏంటి అని అడిగారు. నాకూ ఇదే టెన్షన్ ఉండేది.

ప్రివిలేజ్ అనగానే పేపర్లో వచ్చే సభా హక్కుల ఉల్లంఘనే గుర్తొస్తుంది. సాక్ష్యం దగ్గర అర్థం వేరు. నమ్మి చెప్పుకున్న కొన్ని మాటలను బయటపెట్టమని ఎవరూ బలవంతపెట్టకుండా చట్టం ఇచ్చే రక్షణ అది.

నాన్న పోయాక మలక్‌పేట ఇంటి మీద తమ్ముడు దావా వేశాడు. చిక్కడపల్లిలో లాయర్ గారి దగ్గరికి బావమరిదిని తోడు తీసుకెళ్లాను. వకాల్తా మీద సంతకం అయ్యాక ఆయన ఫైలు మూసి, బావమరిదిని బయట కూర్చోమన్నారు. ఇంటి మనిషే కదా సార్ అన్నాను. "రేపు అవతలివాళ్లు ఇతన్ని సాక్షిగా పిలిస్తే నేను ఆపలేను" అన్నారు. గుమాస్తాను మాత్రం ఉండనిచ్చారు, ఎందుకంటే లాయర్‌కున్న కట్టడే గుమాస్తాకూ ఉంటుంది.

అప్పుడు నోరు విప్పాను, తమ్ముడి దగ్గర రెండు లక్షలు తీసుకుని తెల్లకాగితం మీద రాసిచ్చానని, ఇంట్లో కూడా ఎవరికీ తెలియదని. ఆ మాట ఆయన బయట చెప్పకూడదు. భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132వ సెక్షన్ అదే, 2024 జూలై 1కి ముందు 1872 నాటి చట్టంలో 126గా ఉండేది. ఈ హక్కు మనది, లాయర్‌ది కాదు. మనం ఒప్పుకుంటే తప్ప ఆయన చెప్పకూడదు, కేసు ముగిసినా, లాయర్‌ను మార్చినా అంతే.

నా దగ్గరున్న నకలు మీ దగ్గరే పెట్టుకోండి సార్ అన్నాను. ఒప్పుకోలేదు. రక్షణ మన మధ్య మాటకే, ముందే ఉన్న కాగితం లాయర్ బీరువాలోకి వెళ్లినంత మాత్రాన దాగదు, కోర్టు తెమ్మంటే తేవాల్సిందే.

జరిగిపోయిన తప్పు చెప్పుకోవచ్చు. దొంగ పత్రం పుట్టిద్దాం సాయం చేయండి అంటే మాత్రం ఈ రక్షణ లేదు. డాక్టర్‌కు, సీఏకు చెప్పిన మాటలకు ఈ సెక్షన్ వర్తించదు. భార్యాభర్తల మాటలకు వేరే సెక్షన్ ఉంది, 128.

ఇంకొకటి. మీరే బోనెక్కి సాక్ష్యం చెబితే, ఆ సాక్ష్యం అర్థం కావడానికి అవసరమైనంత మేర లాయర్‌తో మాట్లాడింది చెప్పమని కోర్టు అడగొచ్చు. అందుకే నా సాక్ష్యానికి ముందు రోజు మళ్లీ చిక్కడపల్లి వెళ్లాను, ఈసారి ఒక్కణ్నే.