మెయింటెనెన్స్ ఉండదంటే నమ్మకండి

మీ లేఅవుట్‌లో మురుగునీటికి ఎస్టీపీ (మెషిన్లతో మురుగును శుద్ధి చేసే ప్లాంటు) బదులు మొక్కల వెట్‌ల్యాండ్, అంటే మొక్కలు నాటిన కంకర మడి కడితే కరెంటు, మెయింటెనెన్స్ రెండూ ఉండవంటున్నారు, నిజమేనా అని అడిగారు. నీళ్లు వాలుకి వాటంతటవే పారేలా కట్టుకుంటే కరెంటు మాట నిజమే. రెండోది మాత్రం అబద్ధం.

సంగారెడ్డి వైపు ఒక హాస్టల్లో ఇలాంటిదాన్ని ఆరేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. 120 మంది పిల్లలు, దాదాపు 150 చదరపు మీటర్ల మడి, రెండడుగుల లోతున కంకర, పైన మెట్టతామర, జమ్ము. నీళ్లు కంకర పైకి రాకుండా మూడు నాలుగు అంగుళాల కిందే నడుస్తాయి కాబట్టి దోమలు ఉండవు. మురికిని ఎక్కువగా తినేది రాళ్లకు పట్టిన బాక్టీరియా పొర. మొక్కలు కొంత పోషకాలు పీల్చుకుంటాయి, వేళ్ల దగ్గరికి కాస్త గాలి తెస్తాయి, అంతే. ఇది తెలియకే మేం దెబ్బతిన్నాం.

రెండో ఏడు సంక్రాంతి సెలవులు అయ్యాక చూస్తే, నీళ్లు లోపలికి వచ్చే వైపు కంకర మీద నల్లటి మడుగు. కంపు, దోమలు. కట్టినాయన వచ్చి, మొక్కలు పలచబడ్డాయి, ఇంకో రెండొందలు నాటండి అన్నాడు. మా తోటమాలి మాట్లాడకుండా గడ్డపార దింపి పైకి లాగాడు. మూరెడు పొడవున నల్లటి జిగురు, బండి ఇరుసు గ్రీజు లాగా. మొదటి రెండు మీటర్ల కంకర మొత్తం తవ్వి, కడిగి, మళ్లీ నింపాం. వారం పట్టింది.

తప్పు మొక్కలది కాదు. మడికి ముందు, మురుగులోని బరువైనదంతా అడుక్కి దిగడానికి ఒక సెటిలింగ్ ట్యాంకు ఉంటుంది. అందులో బురదను రెండేళ్లుగా ఎవరూ తీయించలేదు. అడుగున బురద నిండి, మిగతాది నేరుగా మడిలోకి వచ్చేసింది. దానికి తోడు ఆదివారం పూరీలు వేయించిన నూనె.

అందుకే ఇప్పుడు నా పనిలో సగం మడి బయటే. మూడు నెలలకోసారి పొడవాటి కర్రకు పాత తెల్ల టవల్ చుట్టి ట్యాంకులో అడుగు దాకా దింపి తీస్తాను. టవల్‌కి నల్లగా అంటిన ఎత్తును బట్టి బురద ఎంతుందో తెలుస్తుంది. నీటి లోతులో మూడో వంతుకి వస్తే బురద తోడే ట్యాంకర్‌ని పిలవడమే. వంటింటి నీళ్లలోని నూనెను మడికి రాకుండా ఆపే తొట్టిని ప్రతి శనివారం శుభ్రం చేయాలి. పైన పేరుకున్న నెయ్యి లాంటి తెట్టు చూస్తే, ఇదంతా కంకరలోకి పోయి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది. బాత్రూమ్ యాసిడ్ కూడా పూర్తిగా మాన్పించాం, అది మురికిని తినే బాక్టీరియానే చంపేస్తుంది. ఒకసారి ఇన్‌స్పెక్షన్ అని సీసాలకు సీసాలు పోశారు, పది రోజులు బయటికొచ్చే నీళ్లు కంపు కొట్టాయి.

మడిలో పని తక్కువే. మెట్టతామర రెండు మూడు నెలలకోసారి జానెడు ఎత్తుకి కోస్తాం, ఒకేసారి మొత్తం కాదు, సగం సగం. ఎండాకులు అక్కడే వదిలేస్తే కుళ్లి కంకర సందుల్లో పూడుకుంటాయి, అందుకని కంపోస్టు గుంటకి. రావి, వేప మొలకలు కనబడగానే పీకేయాలి, పెద్దవైతే వేళ్లు, నీళ్లు నేలలోకి ఇంకకుండా మడి అడుగున పరిచిన షీటును చీలుస్తాయి. లోపలికి దిగేటప్పుడు కంకర అణిగిపోకుండా చెక్క పలక వేసుకుని దాని మీద నడవాలి.

మీరు హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో తేలే మొక్కల తెప్పల గురించి కూడా రాశారు. అవి చెరువులో ఉన్న నీటి కోసం. ఇళ్ల నుంచి వచ్చే మురుగుకి ఆ పద్ధతి సరిపోదు.

బయటికొచ్చిన నీళ్లు మేం వెదురు, కానుగ, అరటికి పెడతాం. పచ్చిగా తినే ఆకుకూరలకు పెట్టం. ఒకే వరసకి రోజూ పెడితే నేల జవుకు పడుతుంది, అందుకని వరసలు మార్చుతుంటాం. వానాకాలం వస్తే చెట్లకు నీళ్లే అక్కర్లేదు, కానీ పిల్లలు స్నానాలు మానరు కదా. మేం ఒక కుంట తవ్వుకున్నాం. మీ లేఅవుట్‌లో ఆ మూడు నెలల నీళ్లు ఎక్కడికి పంపుతారో ప్లాన్‌లో ఉందా? లేకపోతే అడ్వాన్సు ఇచ్చేముందే అడగండి.