బిల్లులు లక్షల్లో, జీతాలు క్రెడిట్ కార్డు మీద

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఒక స్నేహితుడితో కలిసి నాలుగేళ్లుగా చిన్న స్టూడియో నడుపుతున్నాను. యాప్‌లు, వెబ్‌సైట్ల స్క్రీన్ల డిజైన్ నేను చూస్తాను, వీడియోలు అతను చూస్తాడు. నలుగురు ఉద్యోగులు ఉన్నారు. మాది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, డీడ్ రాసుకున్నాం కానీ రిజిస్టర్ చేయించలేదు. నిరుడు జీఎస్‌టీ కాకుండా 46 లక్షల బిల్లులు వేశాం, అన్నీ ఇక్కడి కంపెనీలకే. ఖర్చులు నెలకు 2,35,000: జీతాలు 1,42,000, అద్దె, కరెంటు, ఇంటర్నెట్ 34,000, సాఫ్ట్‌వేర్లు 21,000, కెమెరా అద్దెలు, వాయిస్ ఆర్టిస్టులు వగైరా 38,000. రావలసిన బాకీలు 11.5 లక్షలు. అందులో ఒకే స్టార్టప్ నుంచి 6,49,000 రావాలి, అయిదు నెలలైంది. పని ఆపేస్తే పాతవి కూడా ఇవ్వరేమోనని ఇప్పటికీ వాళ్ల పని చేస్తూనే ఉన్నాం. జీతాలకు చాలక నా క్రెడిట్ కార్డు వాడాను, 2.6 లక్షల బాకీ ఉంది. ఒక నెల నేను 45,000 తీసుకుంటే ఇంకో నెల ఏమీ ఉండదు. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 34,000. నాలుగేళ్ల పాప. ఇంటి ఖర్చు 52,000. ఇప్పుడు మా స్నేహితుడు 8.5 లక్షలు లోన్ తీసుకుని సొంత కెమెరా, లెన్సులు కొందామంటున్నాడు. నా భార్య తన బంగారం తాకట్టు పెట్టమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ లెక్కలు చూస్తే ఖర్చులు పోను ఏడాదికి 17.8 లక్షలు మిగలాలి. అంటే ఇద్దరికీ తలా నెలకు 74,000. కాబట్టి మీ స్టూడియో నష్టాల్లో ఉందని బెంగ పెట్టుకోకండి. జరుగుతున్నదల్లా ఏమిటంటే, మీరు మీ క్లయింట్లకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నారు. ఆ అప్పు ఇవ్వడానికి మీరు క్రెడిట్ కార్డు మీద వడ్డీకి తెస్తున్నారు. దీన్ని సరిచేయకుండా కెమెరా కొన్నా, ఆఫీసు మార్చినా, ఇంకో పది మంది క్లయింట్లను తెచ్చినా టెన్షన్ పెరుగుతుందే తప్ప తగ్గదు. పని పెరిగితే ముందు పెరిగేది రావలసిన బాకీయే.

పైగా ఆ 11.5 లక్షల బిల్లుల్లో 18 శాతం జీఎస్‌టీ కూడా కలిసి ఉంది, దాదాపు 1.75 లక్షలు. ఇన్‌వాయిస్ వేశాక క్లయింట్ ఇచ్చినా ఇవ్వకపోయినా మీరు కట్టాల్సిందే. మీరు కొన్నవాటి మీద ముందే కట్టిన జీఎస్‌టీకి వచ్చే తగ్గింపు (ఇన్‌పుట్ క్రెడిట్) పోను మిగిలినదంతా జేబులోంచి కట్టేసి ఉంటారు. కార్డు బాకీ ఎందుకు పెరిగిందో అర్థమవుతోంది కదా.

ముందు ఆ స్టార్టప్ సంగతి. వాళ్ల కొత్త పని ఈ రోజే ఆపండి. ఆపితే పాతవి రావేమో అనే భయమే మిమ్మల్ని అయిదు నెలలు నడిపించింది, ఆ అయిదు నెలల్లో బాకీ పెరిగిందే గానీ తగ్గలేదు. గొడవ పెట్టుకోమని కాదు. 'పాత ఇన్‌వాయిస్‌లు క్లియర్ అయ్యాక మిగతా స్క్రీన్లు మొదలుపెడతాం' అని మర్యాదగా ఒక మెయిల్ రాయండి. ఫౌండర్‌కు వాట్సాప్‌లో అడిగితే 'చూద్దాం బ్రో' అనే జవాబే వస్తుంది. వాళ్ల అకౌంట్స్ విభాగానికి బిల్లు నంబర్లు, తేదీలు, మొత్తాలతో స్టేట్‌మెంట్ పంపి, 'ఈ బాకీ సరిగానే ఉందని ధ్రువీకరించండి' అని అడగండి. రాతపూర్వకంగా బాకీ ఒప్పుకున్నారంటే, ఆ తేదీ నుంచి కోర్టుకు వెళ్లే మూడేళ్ల గడువు మళ్లీ మొదలవుతుంది. ఒకేసారి ఇవ్వలేమంటే మూడు వాయిదాలకు ఒప్పుకోండి, తేదీలు మాత్రం రాయించుకోండి. అప్పటికీ కదలకపోతే లాయర్ నోటీసు.

ఇక్కడే మీ ఫర్మ్ రిజిస్టర్ కాకపోవడం అడ్డు వస్తుంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ కాని ఫర్మ్ తన కాంట్రాక్టు బాకీ కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. ఆ సంగతి అవతలి లాయర్‌కు తప్పకుండా తెలుస్తుంది. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్ట్రేషన్‌కు వెంటనే దరఖాస్తు పెట్టండి. నోటీసు పంపే నాటికి అది చేతిలో ఉండాలి.

దానితో పాటే ఉద్యమ్, అంటే సూక్ష్మ, చిన్న సంస్థల ప్రభుత్వ రిజిస్ట్రేషన్ చేయించండి. ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో పూర్తిగా ఉచితం, డబ్బులడిగే ఏజెంట్ల జోలికి పోకండి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం (ఎంఎస్‌ఎంఈడీ, 2006) ప్రకారం మీలాంటి సూక్ష్మ సంస్థకు ఒప్పందం రాసుకుంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, రాసుకోకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన. రిజిస్ట్రేషన్‌కు ముందు చేసిన పనులకు ఇది వర్తింపజేసుకోవడం కష్టం, కాబట్టి ఆ 6.49 లక్షలకు దీని మీద ఆశ పెట్టుకోకండి. రేపటి బిల్లులకు మాత్రం ఇది గట్టి ఆయుధం. 2023-24 నుంచి ఇంకో నిబంధన తోడైంది: సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటాక చెల్లించే కంపెనీ, ఆ ఖర్చును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే పన్ను లెక్కలో చూపించుకోగలదు. అందుకే ఇన్‌వాయిస్ మీద మీ ఉద్యమ్ నంబర్ ప్రింటయి ఉంటే, మార్చి నెలలో అవతలి ఆడిటరే మీ బిల్లు సంగతి అడుగుతాడు.

చట్టం కంటే ముందు మీ ఒప్పందం మారాలి. పని మొదలుపెట్టే ముందు 40 శాతం, స్క్రీన్లు లేదా వీడియో రఫ్ కట్ ఓకే అయ్యాక 30, చివరి ఫైళ్లు చేతికిచ్చే ముందు మిగతా 30. అడ్వాన్సు మీద కూడా అప్పుడే జీఎస్‌టీ కట్టాలి, కానీ ఈసారి ఆ డబ్బు మీ చేతిలో ఉంటుంది. డిజైన్ సోర్స్ ఫైళ్ల యాక్సెస్, వాటర్‌మార్క్ లేని ఫైనల్ రెండర్ (పూర్తయిన వీడియో ఫైల్) — ఈ రెండూ ఆఖరి వాయిదా అందాకే. ఇన్నాళ్లూ అన్నీ ముందే ఇచ్చేసి తర్వాత డబ్బుల కోసం తిరుగుతున్నారని నా అనుమానం.

క్లయింట్లు అడిగే మార్పుల విషయం మీరు రాయలేదు. కానీ ఈ వృత్తిలో లాభం జారిపోయేది ఎక్కువగా అక్కడే. లెక్క చూడండి. జీతాలు, అద్దె, సాఫ్ట్‌వేర్లు కలిపి 1,97,000, మీ ఇద్దరికీ తలా 50,000 కలిపితే 2,97,000. ఆరుగురు, నెలకు 21 పనిదినాలు అంటే 126 రోజుల పని. మీటింగులు, కొటేషన్లు, రద్దయిన షూటింగులు పోను బిల్లు వేయగలిగేది ఓ 75 రోజులనుకుందాం. అంటే మీ స్టూడియోలో ఒక మనిషి ఒక రోజు పని ఖరీదు సుమారు 4,000 రూపాయలు. ఇప్పుడు తొంభై సెకన్ల వీడియో అంతా అయిపోయాక రాత్రి పదకొండింటికి క్లయింట్ నుంచి మెసేజ్ వస్తుంది: 'చిన్న మార్పే, వాయిస్‌లో ఒక్క లైన్ మార్చండి చాలు.' ఆ ఒక్క లైన్ కోసం వాయిస్ ఆర్టిస్టును మళ్లీ పిలవాలి. కొత్త లైన్ రెండు సెకన్లు ఎక్కువైతే వెనకాల యానిమేషన్ మొత్తం జరపాలి, మ్యూజిక్ మళ్లీ అతకాలి, రెండర్ పెట్టాలి. రెండు రోజులు, 8,000 రూపాయలు, పైన ఆర్టిస్టు ఖర్చు. ఒప్పందంలో 'రెండు విడతల మార్పులు ఉచితం, ఆపైన రోజుకు ఇంత' అని రాసుంటే క్లయింటే మార్పులన్నీ ఒకేసారి పంపిస్తాడు. స్టాక్ ఫుటేజ్, ఫాంట్ లైసెన్సులు, కెమెరా అద్దె కూడా కొటేషన్‌లో విడిగా చూపించండి. మొహమాటం వల్ల పోతున్నది మీ ఒక్కరి డబ్బు కాదు, పొద్దుపోయేదాకా కూర్చుంటున్న ఆ నలుగురి కష్టం కూడా.

ఇక కార్డు. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 2.6 లక్షలకు నెలకు 9,100, దాని మీద జీఎస్‌టీ కలిపితే 10,700 దాకా పోతోంది. ఇంట్లో బంగారం కుదువ పెట్టొద్దని సాధారణంగా నేనే చెబుతాను. ఈ ఒక్క పనికి మాత్రం మీ శ్రీమతి చెప్పిందే సరైన లెక్క. బ్యాంకులో బంగారం మీద పది శాతానికి రుణం దొరికినా నెలకు వడ్డీ 2,200 లోపే. అయితే మూడు షరతులు. తీసుకునేది 2.6 లక్షలకు ఒక్క రూపాయి కూడా మించకూడదు, ఆ డబ్బుతో అదే రోజు కార్డు బాకీ మొత్తం తీర్చేయాలి, స్టార్టప్ డబ్బు రాగానే మొట్టమొదట విడిపించాల్సింది ఆ నగలే. కెమెరాకు మాత్రం ఆ బంగారం తాకట్టు పెట్టకండి.

ఇంకొక సంగతి గమనించారా? ఫర్మ్ జీతాలకు కార్డు వాడింది మీరొక్కరే. ఆ 2.6 లక్షలు ఫర్మ్ మీకు ఇవ్వాల్సిన అప్పుగా పుస్తకాల్లో రాయించండి. వడ్డీ భారం ఇద్దరూ మోయాలి. డీడ్‌లో రాసుకుంటే పార్ట్‌నర్ ఇచ్చిన అప్పు మీద 12 శాతం వరకు వడ్డీని ఫర్మ్ ఖర్చుగా చూపించుకోవచ్చు. స్నేహితుడితో ఈ మాట ఎత్తడం ఇబ్బందే. కానీ ఇప్పుడు మాట్లాడుకోకపోతే రెండేళ్ల తర్వాత స్నేహమే దెబ్బతింటుంది.

కెమెరా విషయంలో మీ స్నేహితుడి ఉత్సాహం నాకు అర్థమవుతుంది. సొంత కెమెరా ఉంటే పనిలో ధైర్యం వేరు. కానీ 8.5 లక్షలకు 13 శాతం వడ్డీ, మూడేళ్లనుకుంటే నెలకు 28,600 ఈఎంఐ. కృష్ణానగర్‌లో లెన్సులతో సహా రోజుకు 5,500 అద్దె అనుకుంటే, నెలకు మూడు రోజుల షూటింగుకు 16,500. ఈఎంఐ, ఇన్సూరెన్స్, రిపేర్లు అన్నీ కలిపి గిట్టాలంటే నెలకు కనీసం ఆరు రోజుల షూటింగ్ ఉండాలి. కెమెరా ధరలోని జీఎస్‌టీ 1.3 లక్షలు క్రెడిట్‌గా వస్తుంది, నిజమే. అది కలిపినా లెక్క తిరగబడదు, రోజుల సంఖ్య అయిదు దగ్గరికి వస్తుంది అంతే. పైగా షూటింగ్ లేని నెల అద్దె ఉండదు, ఈఎంఐ ఉంటుంది. వరసగా ఆరు నెలలు, నెలకు ఆరు రోజులు షూటింగ్ చేసినట్టు మీ క్యాలెండర్ చూపిస్తే అప్పుడు కొనండి, నేనే కొనమంటాను.

పన్ను దగ్గర మీరు గట్టిగా నష్టపోతూ ఉండొచ్చు. 'మిగిలింది పంచుకోవడం' అనే పద్ధతి మానేసి, తలా నెలకు 50,000 పార్ట్‌నర్ జీతంగా డీడ్‌లో రాయించండి. ఫర్మ్ లాభం మీద పన్ను, సెస్సు కలిపి 31.2 శాతం. తరుగుదల పక్కన పెడితే 17.8 లక్షల మీద అది 5.55 లక్షలు. ఇద్దరికీ కలిపి 12 లక్షల జీతం మీ లాభానికి చట్టం అనుమతించే పరిమితిలోనే ఉంటుంది. అప్పుడు ఫర్మ్‌కు మిగిలే 5.8 లక్షల మీద పన్ను 1.81 లక్షలే. మీకొచ్చే 6 లక్షల మీద, వేరే ఆదాయం లేకపోతే, కొత్త విధానంలో పన్ను పడదు. ఫర్మ్ లాభంలో వాటా మీద మళ్లీ పన్ను లేదు. డీడ్‌లో ఈ క్లాజ్ ఉందో లేదో మీ ఆడిటర్‌ను ఈ వారమే అడగండి. 2025 ఏప్రిల్ నుంచి పార్ట్‌నర్ జీతం ఏడాదికి 20,000 దాటితే ఫర్మ్ 10 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకోవాలి, అది రిటర్న్‌లో వెనక్కి వస్తుంది. మీ క్లయింట్లు కూడా పది శాతం కోస్తుంటే 46 లక్షల మీద 4.6 లక్షలు ముందే పోతున్నట్టు. జీతాల క్లాజ్ పెట్టాక అసలు పన్ను అంతకంటే చాలా తక్కువ కాబట్టి, తక్కువ టీడీఎస్ కోసం ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు చేయండి. నెలనెలా చేతికొచ్చే డబ్బు పెరుగుతుంది.

ఆ 50,000 ప్రతి నెలా ఒకే తేదీన మీ సొంత ఖాతాకు రావాలి. శ్రీమతి జీతంతో కలిపి 84,000 అవుతుంది. ఇంటి ఖర్చు పోను, టీడీఎస్ కోత ఉన్నా, 27,000 దాకా మిగులుతుంది. స్టార్టప్ బిల్లులో టీడీఎస్ 55,000 పోను మీకు అందేది 5,94,000. అందులో 2.6 లక్షలు నగలకు, మిగతా 3,34,000 స్టూడియో పేరిట విడిగా డిపాజిట్‌కు. మూడు నెలల స్థిర ఖర్చు, అంటే 5.9 లక్షలు అయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి. పాప చదువుకు సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్ పొదుపు) మొదలుపెట్టడానికి తొందరేమీ లేదు, ముందు మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు పక్కన పడాలి.

ఇన్సూరెన్స్ మాత్రం ఆలస్యం వద్దు. కుటుంబానికి హెల్త్ పాలసీ, మీకు కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్‌టీ కూడా లేదు. మీ స్నేహితుడు కూడా తీసుకునేలా చేయండి. ఇద్దరే ఉన్న భాగస్వామ్యంలో ఒకరికి ఏమైనా అయితే ఫర్మ్ అక్కడితో రద్దయినట్టే. అప్పుడు రావలసిన బాకీలు, కంప్యూటర్లు, ప్రాజెక్టు ఫైళ్లు ఎవరికి ఎంత, ఆ కుటుంబానికి ఎన్ని నెలల్లో ఇవ్వాలి అనేది జీతాల క్లాజ్ కోసం డీడ్ మార్చేటప్పుడే రాయించుకోండి. ఆ రోజు మీ శ్రీమతిని, ఆయన ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి చదివి వినిపించండి.