12 బోరు తూటాలు నింపేటప్పుడు వాడ్ ఎలా ఎంచుకోవాలి? గుంటూరులో ఇంట్లో నింపుకోవచ్చా?

అడిగింది క్లుప్తంగా ఇదీ: గుంటూరులో ఉంటారు, 12 బోరు తుపాకీకి లైసెన్సు ఉంది. డల్లాస్‌లో ఉన్న మీ బావగారు ట్రాప్ షూటింగ్‌కి (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లల్ని కొట్టే ఆట) తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు. వేరే కంపెనీ ఖాళీ షెల్లులు (తూటా పై గొట్టాలు) చవగ్గా దొరికాయని వాటిలో పాత వాడ్లే (తుపాకీ మందుకీ, దానిమీద పోసే చిన్న సీసం గుళ్లకీ మధ్య పెట్టే ముక్కలు) వాడుతుంటే కొన్ని తూటాలు తుస్సుమంటున్నాయి, మూతి మడత లోపలికి కుంగుతోంది. ఏ వాడ్ వాడాలి, ఆయన దగ్గరున్నలాంటి తూటాలు నింపే మిషను తెప్పించుకుని మీరూ ఇక్కడ నింపుకోవచ్చా అని.

ముందు రెండోదానికి చెప్తాను, ఎందుకంటే అది తేలిగ్గా తేలిపోతుంది. నింపుకోకూడదండీ. ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 5 ప్రకారం తూటాల తయారీకి విడిగా లైసెన్సు ఉండాలి. మీ దగ్గరున్నది తుపాకీ, తూటాలు ఉంచుకోవడానికి ఇచ్చింది మాత్రమే. అదే చట్టం తూటా విడిభాగాల్నీ, తూటాలు తయారుచేసే యంత్రాల్నీ కూడా 'అమ్యూనిషన్' లెక్కలోనే కలిపింది. కాబట్టి బావగారు పండక్కి వస్తూ సూట్‌కేసులో తూటాలు నింపే చిన్న మిషను పట్టుకొస్తానన్నా వద్దనండి. మనకి దారి గన్‌షాపులో లైసెన్సు మీద రాయించుకుని కొనే ఫ్యాక్టరీ తూటానే. ఖడ్కీలో తయారయ్యే శక్తిమాన్ సరిపోతుంది. అమెరికాలో సొంత వాడకానికి నింపుకోవడం మామూలే కనుక కింద రాసిందంతా ఆయన కోసం.

వాడ్ ఎంచుకోవడం వాడ్‌తో మొదలవదు, ఖాళీ షెల్లుతో మొదలవుతుంది. ప్లాస్టిక్ షెల్లులు లోపలివైపు రెండు రకాలు. ఒకదానిలో గోడ పైన పలచగా ఉండి అడుక్కి వెళ్లేకొద్దీ మందమవుతుంది, అంటే లోపలి గొట్టం కిందికి సన్నబడుతుంది. వించెస్టర్ ఏఏ, రెమింగ్టన్ ఎస్‌టీఎస్ ఈ బాపతు. రెండోదానిలో గోడ పైనుంచి కిందిదాకా ఒకే మందం, అడుగున విడిగా ఒక బిళ్ల. ఫెడరల్ గోల్డ్ మెడల్, ఫియోకీ, షెడైట్ ఇలాంటివి. పైనుంచి చూస్తే తేడా తెలీదు. ఒక ఖాళీ షెల్లుని, అందులో పేలని ప్రైమర్ (మందుని అంటించే అడుగు టోపీ) లేదని చూసుకుని, బ్లేడుతో నిలువునా కోసి చూస్తే తేలిపోతుంది. ఏ కంపెనీవైనా కొత్తగా సంచి కొన్నప్పుడు ఒకటి కోసి చూడటం తప్పదు, ఎందుకంటే ఒకే పేరుమీద కంపెనీ లోపలి కట్టుబడి మార్చేసిన సందర్భాలున్నాయి.

వాడ్‌కి మూడు భాగాలు. అడుగున బోర్లించిన గిన్నెలాంటి సీలు, అది మందు మంట పైకి రాకుండా ఆపుతుంది. మధ్యలో నలిగే కాళ్లు, అవి దెబ్బని మెత్తబరుస్తాయి, ఎత్తు కూడా సరిచేస్తాయి. పైన గుళ్లు పట్టే కప్పు, దానికి సాధారణంగా నాలుగు రేకులు. కింద సన్నబడే షెల్లు కోసం చేసిన వాడ్‌కి సీలు కొంచెం చిన్నది. దాన్ని తిన్నని గోడ షెల్లులో వేస్తే రెండు పనులు జరుగుతాయి. సీలు పక్కనుంచి మందు రేణువులు పైకి జారతాయి, పేల్చినప్పుడు మంట కూడా పక్కనుంచే తప్పించుకుంటుంది, మందు సరిగా కాలదు. అదే తుస్సు. ఇక ఆ షెల్లు అడుగున చోటు ఎక్కువ కనుక వాడ్ లోతుకి దిగిపోతుంది, గుళ్ల మట్టం తగ్గుతుంది, మడతకి కింద ఆసరా ఉండదు. అదే కుంగడం. బావగారు చెప్పిన రెండు లక్షణాలూ ఒకేసారి వచ్చాయంటే నా అనుమానం నూటికి తొంభై పాళ్లు దీనిమీదే.

తిరగేసి చేసినా ప్రమాదమే. తిన్నని గోడ వాడ్‌ని సన్నబడే షెల్లులో కుక్కితే సీలు అంచు మడతపడుతుంది, వాడ్ పూర్తిగా దిగదు, మడత పైకి ఉబ్బుతుంది, ప్రెషర్ పెరగొచ్చు. 12 బోరు 2¾ అంగుళాల తూటాకి అమెరికా ప్రమాణం గరిష్ఠంగా 11,500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ప్రెషర్). మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్క వాడ్ మార్చినా ప్రెషర్ వెయ్యి పీఎస్‌ఐకి పైగా కదిలిపోవచ్చు. అందుకే మందు కంపెనీ పట్టికలో షెల్లు, ప్రైమర్, మందు, వాడ్, గుళ్ల బరువు ఐదూ కలిపి ఒకే వరసగా ఇస్తారు. ఆ వరసలో ఉన్నది ఉన్నట్టు వాడాలి. 'ఇది కూడా అలాంటిదే' అని కొట్లోవాడు చెప్పిన నకలు వాడ్‌కి పట్టికలో దాని పేరుతోనే విడిగా వరస ఉంటే సరే, లేకపోతే అది వేరే వాడ్ కిందే లెక్క.

షెల్లు తేలాక గుళ్ల బరువు. ఒక ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు, 1⅛ అంటే 32, ⅞ అంటే 25. అంతర్జాతీయ ట్రాప్, స్కీట్ (అదీ ఎగిరే బిళ్లల్ని కొట్టే పోటీయే) లలో వాడేది 24 గ్రాముల తూటా. ఒక్కో బరువుకి కప్పు లోతు వేరు. సన్నబడే షెల్లుకి వించెస్టర్ రకంలో ఔన్సుకి గులాబీ రంగు డబ్ల్యూఏఏ12ఎస్‌ఎల్, 1⅛కి తెల్ల డబ్ల్యూఏఏ12. తిన్నని గోడకి ఫెడరల్ రకంలో ఔన్సుకి 12ఎస్0, 1⅛కి 12ఎస్3. 1⅛ వాడ్‌లో ఔన్సు గుళ్లే పోస్తే మిగిలిన ఖాళీ మూలంగా మళ్లీ మడత కుంగుతుంది.

మందు ఎంత చోటు తీసుకుంటుందన్నదీ చూడాలి. క్లేస్ అనే మందు లాంటిది పొంగుగా ఉండి ఎక్కువ ఎత్తు ఆక్రమిస్తుంది, టైట్‌వాడ్ అనే మందు చాలా చిక్కన, అడుగునే ఉండిపోతుంది. అదే షెల్లు, అదే గుళ్లు అయినా మందు మారితే వాడ్ ఎత్తు మారాల్సి రావచ్చు. మడత చదునుగా, అంచు కంటే ఒకటిన్నర మిల్లీమీటరు లోపలికి ఉంటే ఎత్తు కుదిరినట్టు. కొద్దిగా కుంగితే గుళ్ల కప్పు అడుగున 20 బోరు అట్టబిళ్ల ఒకటి వేసే పద్ధతుంది. వెంట్రుకవాసి తేడాకి పనికొస్తుంది గానీ, రెండు మూడు బిళ్లలు పేర్చాల్సి వస్తోందంటే ఎంచుకున్న వాడ్ తప్పన్నమాట.

అన్నీ సరైనవే అయినా మిషను దగ్గర చెడేది ఒకటుంది. వాడ్‌ని షెల్లులోకి దారి చూపే ప్లాస్టిక్ వేళ్లు. అవి వంగినా విరిగినా సీలు అంచు షెల్లు మూతికి తగిలి చిట్లుతుంది, వాడ్ ఒరుగుతుంది. ఆ వేళ్లు చవకే, వంకర కనిపించగానే మార్చేయాలి. చాలాసార్లు వాడిన షెల్లు మూతి చీలికలుగా అయితే కూడా ఇదే బాధ. వాడ్‌ని మందు మీద ఆనేదాకా గట్టిగా దించాలి, మధ్యలో గాలి ఖాళీ ఉండకూడదు. అలాగని కాళ్లు పూర్తిగా నలిగిపోయేలా అదమాల్సిన పనీ లేదు.

స్టీలు గుళ్లు వేసే ఆలోచన ఉంటే సీసం గుళ్ల కోసం చేసిన ఈ వాడ్లు ముట్టుకోవద్దు. స్టీలుకి మందపాటి గట్టి కప్పు వాడ్, వేరే మందు, పూర్తిగా వేరే పట్టిక. పలచటి కప్పు తెగి స్టీలు గుళ్లు బ్యారెల్‌ని గీకేస్తాయి. ఫైబర్ వాడ్లకి రేకుల కప్పు ఉండదు, గుళ్లు బ్యారెల్‌కి తగులుతూ వెళ్తాయి కనుక చెదురు కొంచెం ఎక్కువ. ప్లాస్టిక్ పొలాల్లో పడకూడదనే క్లబ్బుల్లో అవే తప్పనిసరి.

పేల్చాక నేలమీద పడిన వాడ్లు ఏరి చూడమనండి. చాలామంది తొక్కుకుంటూ పోతారు గానీ, ఏ పుస్తకమూ చెప్పనంత విషయం అందులో ఉంటుంది. నాలుగు రేకులూ సమంగా విచ్చుకుని, కాళ్లు నిటారుగా నలిగి, సీలు అంచు గుండ్రంగా ఉంటే బాగున్నట్టు. అంచు ఒకవైపు కరిగి నల్లబడితే మంట అక్కడినుంచి తప్పించుకుంది. కాళ్లు ఒక పక్కకి ఒరిగితే వాడ్ వంకరగా దిగింది.

ఇప్పటికే నింపి పెట్టుకున్న ఆ తూటాలు ఇక పేల్చొద్దనండి, పక్కన పెట్టేయాలి. ఇకముందు ఎప్పుడైనా ఒకటి తుస్సుమంటే రెండోది వెంటనే పేల్చకూడదు. తుపాకీ మూతి సురక్షితమైన వైపే ఉంచి, తెరిచి, తూటాలు తీసేసి, చాంబర్ (తూటా పెట్టే చోటు) వైపునుంచి బ్యారెల్‌లోకి చూడాలి. వాడ్ లోపలే ఇరుక్కుని ఉండగా ఇంకొకటి పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. ఖాళీగా ఉందని కంటితో చూసేదాకా కొత్త తూటా పెట్టకూడదు.

ఆ కొత్త షెల్లు ఒకటి కోసి ఫొటో, వాడ్ పెట్టె మీది నంబరు, మందు పేరు, గుళ్ల బరువు ఇక్కడ పెడితే పట్టికలో ఏ వరస సరిపోతుందో చూసి చెప్తాను.